టీ పెట్టే వంతు

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను అని రాసేసి తరువాతి లైనుకి పోవడం నాకు చేతనైన పనే. ఈసారి 'క్షేమం' దగ్గర కలం ఆగింది. ఆగినా కొట్టివేయలేదు. మోకాలు నొప్పిగా ఉంది, నిద్ర సరిగా పట్టడం లేదు, ఒళ్ళంతా నానబెట్టిన దుప్పటిలా బరువుగా ఉంది. మిగతాది క్షేమమే అనుకో.

ఫోను ఉండగా ఉత్తరాలేమిటమ్మా అని విసుక్కున్నావు. ఫోన్లో నేను హలో అనగానే నువ్వు ఒక్క క్షణం మాట్లాడవు. ఆ క్షణంలో నా గొంతు తడబడిందా, మాట ముద్దగా వచ్చిందా అని వింటావు. నాకు తెలుసు. వినొద్దని అనను, ఆ పరిస్థితి తెచ్చింది నేనే. కానీ రోజూ పరీక్ష రాస్తున్నట్టు మాట్లాడాలంటే ఓపిక ఉండటం లేదు. ఉత్తరంలో నా గొంతు నీకు వినపడదు, నువ్వు మొహం ముడుచుకోవడం నాకు కనపడదు. ఇద్దరికీ సుఖం.

నీ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాస్తాను. అన్నిటికన్నా పెద్దదాన్ని ఆఖరుకి ఉంచుకున్నాను, కోప్పడకు.

నువ్వు పంపిన మోకాలి పట్టీ కాస్త బిగుతు. అయినా పంపింది కూతురు కదా అని కట్టుకుంటున్నాను. వేళకి తింటున్నాను. మా కళ్ళద్దాల షాపాయన ఏమీ మారలేదు. వెనక గదిలో ఫ్యాను పాడై చాలా రోజులైంది, చెప్తే "కిటికీ ఉందిగా అమ్మా" అంటాడు. కిటికీ తెరిస్తే దుమ్ము వచ్చి అద్దాల మీద పడుతుంది, మూస్తే నేను ఉడికిపోతాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది. అంతమాత్రాన ఆయన చెడ్డవాడు కాదు.

నీ పాదాలు వాస్తున్నాయని రాశావు. సాయంత్రం కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకో, ఇంటి పని అల్లుడుగారు చూసుకుంటారు. ఆయన ఉయ్యాల బిగించాక ఒక మరమేకు మిగిలిపోయిందని నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు. మర మిగిలిన ఉయ్యాలలో బిడ్డని పడుకోబెట్టకండి. విప్పి మళ్ళీ మొదటి నుంచి బిగించమను. ఇంకే విషయంలో వినకపోయినా మరమేకుల విషయంలో నా మాట వినండి.

ఇక మీటింగుల సంగతి. తాగుడు మానడానికి మీటింగులకి వెళ్తున్నానని నేను ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, అవి ఎలా దొరికాయి, అక్కడేం చేస్తారు, అంతా మగవాళ్ళేనా, నిన్నేమైనా అంటారా అని నువ్వు పేజీ నిండా అడిగావు. చెప్తాను, నవ్వొచ్చే చోట నవ్వుకో.

నా పని నీకు తెలిసిందే. కళ్ళద్దానికి నడిమధ్య చుక్క పెట్టాలి, ఆ చుక్క సరిగ్గా మనిషి కంటిపాప ముందుకి రావాలి, ఆ తరవాతే అంచులు అరగదీయాలి. ఫ్రేములో బిగించే మర నువ్వుగింజలో సగం ఉంటుంది. చెయ్యి వణికితే కింద పడుతుంది, పడితే ఇక దొరకదు. ఆ వణుకు ఆగడానికని ఒక గుక్క వేసుకునేదాన్ని. ఆగేది. రానురాను ఆ గుక్క వల్లే వణుకు వచ్చేది, ఆ వణుక్కి ఇంకో గుక్క. పోయినేడు ఒక పెద్దావిడకి ఎడమ అద్దం కుడికీ, కుడిది ఎడమకీ బిగించి ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని మెట్లు దిగబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. "నేలంతా ఏటవాలుగా ఉందమ్మా, నా కళ్ళు ఇంకా పాడయ్యాయా?" అని నన్నే అడిగింది. షాపాయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నన్ను కౌంటర్లో కూర్చోమన్నాడు, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుందన్నాడు. తిడితే తిరిగి తిట్టి ఉండేదాన్ని. ఆ మర్యాదకి మాత్రం తల ఎత్తలేకపోయాను.

ఆ వారంలోనే మందుల షాపు గోడ మీద కాగితం చూశాను. 'తాగుడు మానాలనుకుంటున్నారా' అని పెద్ద అక్షరాలు, కింద ఫోన్ నంబరు చీలికలు చీలికలుగా కత్తిరించి ఉంది, కావలసినవాళ్ళు చింపుకుపోవచ్చు. పట్టపగలు ఎలా చింపను? బస్సు కోసం చూస్తున్నట్టు గోడకి ఆనుకుని నిలబడి, వెనక్కి చెయ్యి పెట్టి ఒక చీలిక లాగాను. రెండు వచ్చాయి. ఒకటి పోగొట్టుకున్నా రెండోది ఉంటుందిలే అని రెండూ దాచుకున్నాను.

ఫోను ఎత్తిన ఆయన రిటైరైన బస్సు కండక్టరు. బస్సు ఆ చివరిదాకా వినపడేలా మాట్లాడటం ఇంకా మానలేదు. ఎవరి కోసమమ్మా అన్నాడు. మా చుట్టాలావిడ కోసం అన్నాను. "అయితే ఆవిణ్ణి తీసుకురండి. ఒక్కతే రావాలంటే మొహమాటపడుతుందేమో, మీరూ తోడు రండి" అన్నాడు. ఇప్పటికీ నేను కనపడితే మీ చుట్టాలావిడ కులాసానా అని అడుగుతాడు.

మీటింగు జరిగేది ఒక డ్రైవింగ్ స్కూలు గదిలో. భయం కొద్దీ ముందే వెళ్ళాను. కుర్చీల నిండా జనం. గోడల మీద రోడ్డు గుర్తులు, బల్ల మీద అట్టతో చేసిన నాలుగు రోడ్ల కూడలి, దాని మీద బొమ్మ కార్లు. ఒక మాస్టారు ఆ కార్లని జరుపుతూ ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో చెప్తున్నాడు. ఇదేనా మీటింగు అని అడగాలంటే ఏ మీటింగో చెప్పాలి. ఆ మాట నోట్లోంచి రాక, వెనక కుర్చీలో కూర్చుని డ్రైవింగ్ పాఠం మొత్తం విన్నాను. పక్కన ఒకమ్మాయి, నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, జుట్టుకి ఎర్రరంగు వేసుకుంది, మాస్టారు చెప్పేదంతా శ్రద్ధగా రాసుకుంటోంది. పాఠం అయ్యాక అందరూ లేచారు. ఈ అమ్మాయి కూడా వెళ్ళిపోతే నేను ఉండిపోదామని చూశాను. వెళ్ళదే! సంచీలో ఏదో వెతుకుతూ కూర్చుంది. ఈ పిల్ల చూస్తుండగా తాగుబోతుల మీటింగుకి కూర్చోవడమా అని సిగ్గేసి నేనే లేచాను. నేను లేవగానే తనూ లేచింది. మెట్లు దిగుతూ కారు కొన్నారా అని అడిగింది. కొనబోతున్నాం అన్నాను.

మరుసటి వారం మళ్ళీ అదే తంతు. ఆ రోజు కారు వెనక్కి నడపడం గురించి పాఠం. ఈసారి నేను మర్యాదకి లైసెన్సు ఎప్పుడొస్తుందని అడిగాను, త్వరలోనే అంది. తను కూడా నాలాంటిదేనని నాకు తట్టలేదు, నేనూ తనలాంటిదాన్నేనని తనకి తట్టలేదు. ఒకరి ముందు ఒకరం పరువు నిలుపుకోవడానికి ఆ గదిలోంచి పారిపోయి, ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళి తాగాం. దొందూ దొందే.

ఆ పై వారం మాస్టారు కార్లన్నీ పెట్టెలో సర్దుకుని మా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీ ఇద్దరి పేర్లూ నా దగ్గర లేవు. మీ క్లాసు ఇది కాదేమో, దీని తర్వాతది. కూర్చోండి, టీ వస్తుంది" అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఆ అమ్మాయిని చూశాను, ఆ అమ్మాయి నన్ను చూసింది.

"మీకు కారు లేదా అక్కా?" అంది.

"సైకిలు కూడా లేదమ్మా" అన్నాను.

ముందు నవ్వాం. నవ్వు ఆపుకోలేక, తరవాత ఏడుపు ఆపుకోలేక, జనం వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. తను జుట్టు కత్తిరించే పార్లరులో పనిచేస్తుంది. నేను పార్లరమ్మాయి అంటాను, తను అక్కా అంటుంది. నాకు ఇప్పుడున్న ఒక్క స్నేహితురాలు తనే.

అక్కడేం చేస్తారంటే, పెద్దగా ఏమీ చెయ్యరు. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు వింటారు. సలహా ఇవ్వకూడదు, అది నియమం. మనిషన్నవాడికి సలహా ఇవ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో చూడాలంటే కండక్టరుగారిని చూడాలి, పెదవులు బిగబట్టి ఎర్రబడిపోతాడు. మొదట్లో నా వంతు వస్తే నేను మా చుట్టాలావిడ గురించి చెప్పేదాన్ని. ఆవిడ సీసా ఎక్కడ దాస్తుందో, షాపులో ఏం చేసిందో, అన్నీ. అందరూ ఆ చుట్టాలావిడ గురించే జాగ్రత్తగా వినేవాళ్ళు, ఎవరూ నవ్వలేదు. ఒక రోజు చెప్తూ చెప్తూ అలసిపోయి, 'ఆవిడ' అనబోయి 'నేను' అనేశాను. అప్పుడూ అలాగే విన్నారు.

మగవాళ్ళే ఎక్కువ. మమ్మల్ని చూసి కొన్నాళ్ళు మాట తూచి మాట్లాడారు, ఇప్పుడు అన్నీ మా ముందే చెప్పుకుంటారు, కొన్ని వినకపోతేనే బాగుండుననిపిస్తుంది. ఒక వంటాయన ఎప్పుడూ తన బావమరిదిని తిట్టి కూర్చుంటాడు. పని నుంచి తిన్నగా వెళ్తాను కదా, ఎవరో తమ బతుకంతా విప్పి చెప్తుంటే నాకు కునుకు పడుతుంది. ఇదేదో గొప్ప వెలుగని ఊహించుకోకు. అలిసిపోయిన మనుషులు ఒకచోట చేరి, ఇంటికి పోయే దారిలో వైన్ షాపు మెట్లెక్కకుండా ఒకరినొకరు కాసేపు పట్టుకోవడం, అంతే.

అక్కడ ఒక పద్ధతి ఉంది. మానినవాళ్ళలో ఎవరైనా మళ్ళీ తాగితే, ఆ వారం టీ వాళ్ళే పెట్టాలి. గది మూలన స్టవ్వు, పెద్ద గిన్నె ఉంటాయి. టీ కాచి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కప్పు చేతికివ్వాలి. ఎందుకు తాగావని ఎవరూ అడగరు, బాగుందంటారు, తాగుతారు. నాకది శిక్షలా అనిపించి కండక్టరుగారిని అడిగాను. "శిక్ష కాదమ్మా. తాగినవాడు సిగ్గుతో ఒక వారం మానేస్తాడు, ఆ తర్వాత అసలు రాడు. టీ పని ఉందంటే రాక తప్పదు. అందరి మొహాలూ ఒక్కసారే చూసేసినట్టూ ఉంటుంది" అన్నాడు. ఎవరూ తాగని వారం టీ ఆయనే పెడతాడు, అది వేణ్ణీళ్ళలా ఉంటుంది. అక్కడ టీ బాగుందంటే ఎవరిదో కొంప మునిగిందని లెక్క.

అలా వెళ్తూ వెళ్తూ చాలాకాలం తాగకుండా ఉన్నాను. ఎన్నాళ్ళని అడగకు, లెక్కపెడితే నాకు గర్వం వస్తుంది, గర్వం నాకు పడదు. షాపాయన మళ్ళీ వెనక గదికి పంపాడు. మర ఒక్కసారికే ఎక్కుతోంది. అప్పుడే నీకు మీటింగుల సంగతి రాశాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. కాన్పుకి ముందే వచ్చెయ్యమన్నావు. 'నేను పనిలోకి వెళ్ళాక బిడ్డని నీ దగ్గరే వదులుతాను, ఇంకెవరి దగ్గరా వదలను, సరేనా అమ్మా' అని రాశావు.

పిచ్చుకా, మొన్నటి వారం టీ నేను పెట్టాను.

అవును, తాగాను. మీటింగులో ఎందుకని అడగరు గానీ నువ్వు కూతురివి, అడుగుతావు. కష్టం వచ్చి కాదు. నీ ఉత్తరం అందిన రోజునే. పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే చదివాను. 'ఇంకెవరి దగ్గరా వదలను' అన్న చోటు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నాకెంత సంతోషం వేసిందో నీకు రాసి చూపించలేను. ఎవరికైనా చెప్పాలనిపించి పార్లరమ్మాయికి ఫోన్ చేశాను, పనిలో ఉందేమో ఎత్తలేదు. టీ పెట్టుకుందామంటే ఇంట్లో పాలు లేవు, కిందికి దిగాను. కష్టం వస్తే ఎలా తట్టుకోవాలో ఆ గదిలో అందరూ చెప్పారు. సంతోషం వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో పాలు లేవు.

స్టవ్వు మీద నీళ్ళు పెట్టడం గుర్తుంది. కుర్చీలో కూర్చోవడం గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నేను తెరవలేదు. మాడి నల్లబడిన గిన్నె సింకులో ఉంది. కింది వాటాలో ఉండే వాచీలు బాగుచేసే ఆయన పొగ వాసనకి పైకి వచ్చి, తలుపు బాది బాది, అవసరానికి ఉంటుందని నేనే ఇచ్చిన తాళంచెవితో తెరుచుకుని వచ్చాడట. స్టవ్వు ఆర్పి, కిటికీలు తీసి, నాకు ఊపిరి ఆడుతోందని చూసుకుని వెళ్ళాడట. నేను వెళ్ళి ఆయన ఎదుట నిలబడితే, "గిన్నె పోతే పోయింది, మనిషి ఉంది కదమ్మా" అన్నాడు.

ఆ కుర్చీ పక్కన ఉయ్యాల ఉండి ఉంటే? ఇంతకన్నా రాయలేను. నువ్వు కూడా అక్కడే ఆగు.

ఆ వారం మీటింగుకి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా స్టవ్వు దగ్గరికి నడిచాను. కండక్టరుగారు చక్కెర డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళాడు. కప్పులు ఇస్తుంటే చేతులు వణికి సగం సాసర్లలోకి ఒలికింది. వంటాయన సాసరులోదే తాగి బాగుందన్నాడు. తరవాత నా వంతు వచ్చినప్పుడు నీ సంగతి చెప్పాను. ఈ ఒక్కసారి మాట దాచిపెట్టి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతే ఏమవుతుంది అని అడిగాను. నియమం ప్రకారం అందరూ నోరు మూసుకుని కూర్చున్నారు. బయటికి వచ్చాక పార్లరమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఇది సలహా కాదక్కా, నా సంగతే. నేను తాగుడు సంగతి చెప్పకుండానే మా అక్కవాళ్ళ ఇంటికి వెళ్ళి ఉన్నాను. రోజంతా దాచుకోవడానికే ప్రాణం పోయేది. ఆ అలుపు తీర్చుకోవడానికి తాగాను."

అయినా కొన్నాళ్ళు రాయకుండా ఊరుకున్నాను. నేను చెప్పకపోతే నీకు తెలిసే దారే లేదు. వాచీల ఆయన చెప్పడు, మీటింగు వాళ్ళు గదిలో మాట గడప దాటనివ్వరు. వస్తున్నాను తల్లీ అని ఒక్క ముక్క రాస్తే చాలు, నువ్వెంత సంతోషిస్తావో కూడా తెలుసు. నేను కూడా నీతోపాటు సంతోషించి ఉండేదాన్ని.

సరేనా అమ్మా అని అడిగావు. సరే కాదు తల్లీ. బిడ్డని నా ఒక్కదాని దగ్గర వదలకు. నేను అడిగినా వదలకు, బతిమాలితే అసలే వదలకు. పనిలోకి వెళ్ళడానికి ఇంకో ఏర్పాటు చూసుకో. నీకది ఎంత ఇబ్బందో తెలిసే రాస్తున్నాను. ఈ ఉత్తరం అల్లుడుగారికి చూపించు. అమ్మ గురించి ఏమనుకుంటారోనని దాచకు, అత్తగారి పరువు కన్నా ఆయన బిడ్డ ముఖ్యం.

ఇదంతా చదివాక కూడా నేను రావాలని మీ ఇద్దరికీ ఉంటే వస్తాను. కండక్టరుగారు వాళ్ళకీ వీళ్ళకీ ఫోన్లు చేసి మీ ఊళ్ళో మీటింగు ఎక్కడో కనుక్కున్నాడు. మీ పోస్టాఫీసు వెనక, సంగీతం నేర్పే గదిలోనట. ముందు క్లాసులో కూర్చుని పాటలు నేర్చుకోకుండా జాగ్రత్తపడతాను. మీటింగున్న సాయంత్రం ఇంట్లో ఎంత పనున్నా, బిడ్డ ఎంత ఏడుస్తున్నా, నన్ను పంపించెయ్యి. ఇంకో మాట. పోయినసారి స్టేషన్లో నన్ను కావలించుకున్నప్పుడు నువ్వు నా నోటి వాసన చూశావు. చూసినట్టు నాకు తెలియలేదనుకున్నావు. అలా చూడకు, అడుగు. అమ్మా, ఇవాళ తాగావా అని మొహం మీదే అడుగు. నాకు కోపం వస్తుంది. వచ్చినా జవాబు చెప్తాను.

రావద్దంటే రాను. బాధపడనని రాయను, పడతాను. అది నేను మోసుకోవలసిన బరువు, నీది కాదు. నిండు చూలాలివి, నా గురించి ఏడుస్తూ కూర్చోకు.

రమ్మంటే మాత్రం, నా చేతుల వణుకు చూసి భయపడి బిడ్డని ఇవ్వకుండా ఉండకు. పసివాళ్ళ మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో నేను మర్చిపోలేదు. ఒక్కసారి నా ఒళ్ళో పెట్టు. పెట్టి, నువ్వు గదిలోంచి వెళ్ళకు.

ఇట్లు,
ఇవాళ తాగని
మీ అమ్మ